కీచులాట... కాపురానికి తొలిపాట!

పంజరంలో కెనరీ జంట ఒకదాన్నొకటి పొడుచుకుంటే అది తగవా, తాంబూలాలు పుచ్చుకోవడమా? మామిడి తోటల సీమలో పిట్టల సంసారం మీద ఓ కన్ను...

సంక్రాంతి మూడు రోజుల్లో నూజివీడు చుట్టుపక్కల ఏ ఊళ్లో ఆగి అడిగినా, కోడిపుంజు మెడ ఈకలు విప్పుకుంటే దానర్థం ఏమిటో చెప్పేవాళ్లు దొరుకుతారు. చట్టం వద్దంటున్నా బరులు వెలుస్తూనే ఉంటాయి. కాకి, డేగ, నెమలి, సేతువ... రంగును బట్టి పేరు. ఏ రోజు ఏ రంగుది గెలుస్తుందో లెక్క కట్టే కుక్కుటశాస్త్రం. పల్నాటి యుద్ధానికి నిప్పు రాజేసింది కోడిపందెమేనని చెప్పే వీరగాథ సరేసరి. పక్షుల పోట్లాటను ఇంత శ్రద్ధగా చదివిన జనం ఇంకెక్కడ ఉంటారు!

అదే మనిషి ఇంటికొచ్చి, వరండాలో వేలాడే పంజరం ముందు నిలబడితే మాత్రం తెల్లమొహం వేస్తాడు. లోపల రెండే పిట్టలు. ఒక్కోటి ఇరవై గ్రాములకు అటూ ఇటూ. నిన్నటిదాకా ఒకే కర్ర మీద ఒదిగి కూర్చున్నవి ఈ పూట రేగిపోయి ఉన్నాయి. ఒకటి తరుముతోంది. రెండోది నోరు తెరిచి మీదికి వస్తోంది. రెక్కల చప్పుడు, గింజల పొట్టు ఎగరడం, ఇంట్లో పిల్లల కేకలు. మధ్యలో పెద్దవాళ్ల తీర్పు ఒకటి: ‘ఈ రెండిటికీ పడట్లేదు, విడదీసేయండి.’

చాలా ఇళ్లలో కెనరీ కాపురం చెడేది సరిగ్గా ఈ మాట దగ్గరే. విడదీయకూడనప్పుడు విడదీస్తారు. విడదీయాల్సి వచ్చినప్పుడు ‘భార్యాభర్తల గొడవలే, సర్దుకుంటాయిలే’ అని వదిలేస్తారు. కెనరీల్లో వలపూ పోరూ రెండూ ఒకే అక్షరాలతో రాసిన రాతలు. పాట, తరమడం, ముక్కుకు ముక్కు తగిలించడం... ఈ మూడూ అందులోనూ ఉంటాయి, ఇందులోనూ ఉంటాయి. తేడా పట్టుకోవాలంటే తరిమేదాని కంటే ముందు తరుముడు పడుతున్నదాన్ని చూడాలి.

కుక్కల దీవి పిట్ట

కెనరీ మన పిట్ట కాదు. ఆఫ్రికా వాయవ్య తీరానికి ఎదురుగా అట్లాంటిక్ సముద్రంలో ఉన్న కెనరీ దీవులు, మడైరా, అజోర్స్ దాని పుట్టిళ్లు. పిట్ట వల్ల దీవులకు ఆ పేరు వచ్చిందనుకుంటాం గానీ, సంగతి తిరగేసి ఉంది. లాటిన్‌లో ‘కానిస్’ అంటే కుక్క. ఆ దీవుల్లో ఒకదానిలో పెద్ద పెద్ద కుక్కలు ఉండేవని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. కుక్క పేరు దీవికి, దీవి పేరు పిట్టకు అంటుకుంది. ఇంత సన్నగొంతుకు అంత మొరటు పేరు!

15వ శతాబ్దంలో స్పెయిన్ ఆ దీవుల్ని గెలుచుకున్నాక పిట్ట ఐరోపా పంజరాల్లోకి ఎక్కింది. 1758లో శాస్త్రవేత్త లినేయస్ శాస్త్రీయ నామం పెట్టేనాటికే ఇళ్లలో పాతకాపు. ఇప్పుడు మనం చూసే నిమ్మపండు పసుపు కూడా మనుషులు తరాల తరబడి ఏరి జతకట్టించి తెచ్చుకున్నదే. అడవి కెనరీది ఆకుపచ్చ కలిసిన మాసిన పసుపు, వీపు మీద ముదురు చారలు. జర్మనీలోని హార్జ్ కొండల్లో గని కార్మికుల కుటుంబాలు దాన్ని పాట కోసం పెంచాయి. బ్రిటన్ బొగ్గు గనుల్లోకి విషవాయువును ముందే పసిగట్టడానికి తీసుకెళ్లేవారు. 1986లో యంత్రాలు వచ్చాక ఆ కొలువు నుంచి పిట్టకు విముక్తి దొరికింది.

ఇన్ని వందల ఏళ్లూ మనిషి దాన్ని కొన్నది ప్రధానంగా పాట కోసమే. పాడేది మగది. కాబట్టి గిరాకీ అంతా మగదానికే. అసలు చిక్కూ అక్కడే ఉంది. మగదాన్ని, ఆడదాన్ని రంగు చూసి గుర్తుపట్టడం కెనరీల్లో కష్టం. పెంపకంలో చెయ్యి తిరిగినవాళ్లు జతకట్టే కాలంలో పొట్ట కింది ఈకలు ఊది చూసి చెబుతారు. మిగిలినవాళ్లు అమ్మినవాడి మాట నమ్మి తెచ్చుకుంటారు. ‘పెయిర్’ అని పెట్టెలో పెట్టి ఇచ్చినవి రెండూ మగవే అయితే? చలికాలం మొదట్లో అన్నదమ్ముల్లా ఉంటాయి. పొద్దు పొడుగవడం మొదలయ్యాక దాయాదులైపోతాయి. కొన్నవాళ్లు దాన్ని ‘కాపురంలో కలతలు’ అనుకుని మురిపెంగా చూస్తూ ఉంటారు, ఒకటి నెత్తురోడేదాకా.

తోటలో పాడేది ఎవరు?

పూత పిందె కట్టే వేళకు ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి తోటల్లో కోయిల గొంతు సవరించుకుంటుంది. బాగా పాడే అమ్మాయిని తెలుగువాళ్లు గానకోకిల అంటారు. కానీ చెట్టు చివర కూర్చుని పొద్దున్నే ‘కూ... కుఊ...’ అని రాగం పెంచుకుంటూ పోయేది మగ కోయిల. నల్లటి ఒళ్లు, ఎర్రటి కన్ను. ఆడ కోయిల గోధుమ రంగు ఒంటి మీద తెల్ల చుక్కలతో ఆకుల చాటున ఉండి, ‘కిక్ కిక్ కిక్’ అని తొందర తొందరగా అరుస్తుంది. ఆ అరుపును గానం అనడానికి ఏ కవీ ఒప్పుకోడు. మావిచిగురు మేసి కోయిల పాడుతుందన్నదీ కవిసమయమే. దానికి ఇష్టమైన మేత మర్రి, రావి వంటి చెట్ల పళ్లు. అది పాడేది తిండి రుచికి కాదు, తోడు కోసం.

తోటలో కోయిలదీ, వరండాలో కెనరీదీ ఒకటే కథ. పాట మగదాని అర్జీ. ఆ అర్జీ ఎలా తయారవుతుందో తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలు కెనరీ మెదడునే తెరిచి చూశారు. న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో ఫెర్నాండో నాటెబామ్, ఆర్థర్ ఆర్నాల్డ్ కలిసి 1976లో ప్రకటించిన సంగతి అప్పట్లో సంచలనం: పాటను నడిపించే మెదడు భాగాలు ఆడదాని కంటే మగదానిలో చాలా పెద్దవి. 1981లో నాటెబామ్ మరో వింత చెప్పాడు. వసంతంలో పాట జోరుగా ఉన్నప్పుడు ఆ భాగాల్లో ముఖ్యమైనది, శరత్కాలంలో ఉన్నదానికి దాదాపు రెట్టింపు పరిమాణంలో ఉంటోంది. మామిడి చెట్టుకు పూత వచ్చినట్టు పిట్ట మెదడుకు ఏటా పాట వచ్చి పోతోందన్నమాట. 1983లో స్టీవెన్ గోల్డ్‌మన్‌తో కలిసి, పెరిగిన కెనరీ మెదడులో కొత్త నాడీకణాలు పుడుతున్నాయని చూపించాడు. పెద్దయ్యాక మెదడులో కొత్త కణం పుట్టదన్న పాత నమ్మకాన్ని గట్టిగా కుదిపిన వాటిలో అదొకటి. ఈ పిట్ట వల్ల మనిషి తన మెదడు గురించి కూడా కొంత తెలుసుకున్నాడు.

ఇంట్లో పెంచేవాళ్లకు ఇందులో పనికొచ్చే ముక్క ఒకటుంది. పాటను పొంగించేది టెస్టోస్టిరోన్ అనే హార్మోన్. ఆడ కెనరీకి దాన్ని ఎక్కిస్తే అది కూడా మగదానిలా పాడటం మొదలెడుతుంది. పోట్లాటకు ఉసిగొల్పేదీ ఆ హార్మోనే. కాబట్టి పాట పెరిగిన రోజుల్లో గొడవా పెరుగుతుంది. ‘ఎంత బాగా పాడుతోందో’ అని చుట్టాలకు వినిపిస్తున్న మగదే, పక్క పంజరంలోని మగదాన్ని చూసి చువ్వలకేసి కొట్టుకుంటుంది. ఈకలు మార్చుకునే కాలం రాగానే పాట తగ్గి పౌరుషమూ చల్లారుతుంది. జబ్బు చేసిందేమోనని కంగారుపడి వేడినీళ్లు, పసుపు అంటూ మొదలెట్టే ఇళ్లూ ఉన్నాయి. అది జబ్బు కాదు. సెలవు.

చెవి పెట్టేది పెట్టే!

పాట మగదే గానీ తీర్పు పెట్టది. ఆ తీర్పు ఎంత నిక్కచ్చిగా ఉంటుందో చూపించడానికి మగపిట్ట అక్కర కూడా రాలేదు. 1976లో పరిశోధకుడు డొనాల్డ్ క్రూడ్స్‌మా ఒంటరి ఆడ కెనరీలకు రికార్డు చేసిన పాటలు వినిపించాడు. కొన్నిటికి రకరకాల సంగతులతో నిండిన పాట, మరికొన్నిటికి వాటిలోంచి కొన్ని సంగతులే ఉన్న బీద పాట. నిండు పాట విన్న పెట్టలు గూడు త్వరగా కట్టాయి, గుడ్లు కూడా ఎక్కువే పెట్టాయి. పెట్టె లోంచి వచ్చిన పాటకే అంత కదిలిపోయాయి!

ఆ పాటలోనూ కొన్ని సంగతులే పెట్ట మనసుకు సూటిగా తగులుతాయని 1990ల్లో ఫ్రాన్స్‌లో ఎరిక్ వాలే, మిషెల్ క్రోయిట్జర్ బృందం కనిపెట్టింది. రెండేసి స్వరాలున్న ముక్కను సెకనుకు 16 సార్లకు మించి తెరిపి లేకుండా వినిపిస్తే, పెట్ట ఒక్కసారిగా ఒదిగి, తోక ఎత్తి, రెక్కలు అల్లల్లాడిస్తుంది. అది సమ్మతి. ఆ ముక్కలే ఎందుకు? పాడటం కష్టం గనక. కెనరీ గొంతుకలో ధ్వని పుట్టే చోట ఎడమ, కుడి రెండు సగాలుంటాయి. ఒకటి కింది స్వరాలకు, రెండోది పై స్వరాలకు. ఆ వేగంలో రెండిటినీ మార్చి మార్చి పలికించాలి. పైగా ఊపిరి సంగతి ఉంది. అమెరికాలో రోడరిక్ సదర్స్ బృందం 1989లో చూపించినట్టు, కెనరీ స్వరానికీ స్వరానికీ నడుమ ఉన్న రెప్పపాటులోనే చిటికెడు గాలి పీల్చుకుంటుంది. కచేరీలో స్వరకల్పన ఊపందుకున్నప్పుడు గాయకుడు ఊపిరి ఎక్కడ తీశాడో తెలియనట్టే ఇక్కడా తెలియదు. ఒళ్లు బాగున్న మగదే అంత పాడగలదు. పెట్ట చెవులతో ఆరోగ్య పరీక్ష చేస్తోందనుకోవచ్చు.

మన తాటిచెట్ల మీద గిజిగాడి ఇల్లు చూసినవాళ్లకు ఈ తీర్పు కొత్త కాదు. గుర్రం జాషువా పద్యాల్లోకి ఎక్కిన ఆ పిట్ట, తాటాకు చివర గూడును సగం దాకా అల్లి, తలకిందులుగా వేలాడుతూ రెక్కలు ఊపుతూ పెట్టల్ని పిలుస్తుంది. పెట్ట వచ్చి లోపలికి దూరి, గుంజి, తిరిగి చూసి నచ్చితేనే ఉంటుంది. నచ్చకపోతే అంత శ్రమా వృథా. నచ్చితే మగది గొట్టం లాంటి దారి అల్లి గూడు పూర్తిచేస్తుంది, ఆ వెంటనే పక్కన ఇంకో గూడు మొదలెట్టి ఇంకో పెట్టను పిలుస్తుంది! ఈ గుట్టును 1930లో బొంబాయి దగ్గర ఓపిగ్గా కూర్చుని గమనించి, మరుసటి ఏడు ప్రకటించినవాడు పక్షి శాస్త్రవేత్త సలీం అలీ. పొరుగు గూటి నుంచి పోచలు దొంగిలించడం, దాని మీద కొట్లాటలు కూడా ఆ కాలనీలో మామూలే. దాంతో పోలిస్తే పంజరంలోని కెనరీ మగది ఉత్తమ ఇల్లాలికి తగ్గ మొగుడు. ఒకే పెట్టకు తిండి తెచ్చి నోటికి అందిస్తుంది.

ఏది సరసం, ఏది సమరం?

ముందు సరసం సంగతి. మగది కర్ర మీద నిటారుగా నిలబడుతుంది. గొంతు కింది ఈకలు ఉబ్బుతాయి. రెక్కలు కాస్త జార్చి, అటూ ఇటూ ఊగుతూ, పాట ఆపకుండా పెట్ట వైపు జరుగుతుంది. పెట్ట లేచి ఎగిరిపోతుంది. అది తరుముతుంది. రెండు చుట్లు, మూడు చుట్లు. పెట్ట ఆగి, వెనక్కి తిరిగి, నోరు తెరిచి ఒక్క అదిలింపు అదిలిస్తుంది. మగది తగ్గుతుంది. అయిదు నిమిషాల్లో పెట్ట గింజలు తింటూ కనిపిస్తుంది. పంజరం అడుగున పరిచిన కాగితాన్ని చింపి, ముక్క నోట కరుచుకుని ఏ మూలన పెట్టాలా అని తిరుగుతుంది. ఇది చూసి కంగారుపడక్కర్లేదు. పెట్టకు ఇంకా మనసు కుదరలేదు, మగదానికి ఓపిక లేదు. అంతే తేడా.

కాగితం చింపడమన్నది పెట్ట సిద్ధమవుతోందనడానికి నమ్మదగ్గ గుర్తు. ఆ పక్కనే మరొకటి: మగది తిన్న గింజను మెత్తగా చేసి మళ్లీ గొంతులోకి తెచ్చి పెట్ట నోట్లో పెడుతుంది. చూసేవాళ్లకు ముద్దులా ఉంటుంది. చేతికి అందిన సెల్‌ఫోన్‌లో వీడియో తీసి బంధువులకు పంపేది దీన్నే. పెట్ట మాత్రం ఆ ‘ముద్దు’లో ముందు ముందు గుడ్ల మీద కూర్చున్నప్పుడు తనకు తిండి పెట్టేవాడు ఎలాంటివాడో తేల్చుకుంటుంది.

సమరం మరోలా ఉంటుంది. ఈకలన్నీ ఒంటికి అతుక్కుపోయి పిట్ట సన్నబడినట్టు కనిపిస్తుంది. తల కిందికి దించి, ఒంటిని నేలకు సమాంతరంగా చాచి, ముక్కు తెరిచి బాణంలా ముందుకు దూకుతుంది. ఓడిన పిట్ట ఈకలు ఉబ్బించుకుని మూలకు చేరుతుంది, లేదా నేల మీదికి దిగి కూర్చుంటుంది. గింజల గిన్నె దగ్గరికి వస్తే గెలిచింది తరిమేస్తుంది. ఇక్కడ గడియారం చూసుకోవాలి. ఓడినది పూటంతా తినలేకపోతే, తలమీదో మెడమీదో ఈకలు ఊడి చర్మం కనిపిస్తే, నెత్తురు చుక్క కనిపిస్తే ఆ క్షణమే వేరే పంజరం. ఇరవై గ్రాముల పిట్టకు పస్తు ఉండే శక్తి మనకున్నంత ఉండదు. మగవి రెండూ అయితే ఎదురెదురుగా నిలబడి గొంతులుబ్బించి పాటల పోటీ పెట్టుకుంటాయి, తర్వాత కాళ్లు మెలేసుకుని అడుగున పడతాయి. దాన్ని ఎవరూ యుగళగీతం అనుకోకూడదు.

ఇంట్లో అలంకారంగా పంజరంలో అద్దం పెట్టేవాళ్లుంటారు. పూత రోజుల్లో తోటల పక్కన నిలిపిన మోటారు సైకిల్ అద్దాన్ని మగ తేనెపిట్ట పొడుస్తూ ఉండటం చూసినవాళ్లకు ఆ అద్దం ఏం చేస్తుందో తెలుసు. లోపల కనిపించేది దానికి తన రూపం కాదు, తన చెట్టు మీదికి వచ్చిన మరో మగది. జతకట్టే కాలంలో కెనరీ పంజరం నుంచి అద్దం తీసేస్తే సగం గొడవ పోతుంది.

ఇక ఆడవాళ్ల గొడవలు. రెండు పెట్టల్ని, ఒక మగదాన్ని, ఒక గూటినీ ఒకే చోట పెడితే పోరు పెట్టల మధ్యే. మగదాని కోసం అనుకుంటారు గానీ చాలాసార్లు అది గూటి కోసం. ఇంకో రకం ‘గొడవ’ అసలు గొడవే కాదు. పెట్ట మగదాని ఈకలో, ఎదిగిన పిల్లల ఈకలో పీకుతుంటే రాక్షసి అని తిట్టిపోస్తారు. కేంబ్రిడ్జిలో రాబర్ట్ హైండ్ కెనరీ పెట్టలు గూడు కట్టే తీరునే ఏళ్ల తరబడి చదివాడు. గుడ్ల కాలం దగ్గరపడే కొద్దీ పెట్ట పొట్ట మీది ఈకలు రాలి చర్మం బయటపడుతుంది. ఆ చర్మానికి స్పర్శ ఎక్కువ. గూడు గరుకుగా తగులుతుంది. అప్పుడు పెట్ట గడ్డి పోచలు వదిలి ఈకల వంటి మెత్తటి సరుకు వెతుక్కుంటుంది. పంజరంలో మెత్తటిది ఇంకేమీ దొరక్కపోతే పక్కవాడి వీపే పరుపు దుకాణం! పొట్టిగా కత్తిరించిన జనపనార పోచలు, కొంచెం దూది, నాలుగు శుభ్రమైన ఈకలు వేస్తే ఈ తిట్లు తప్పుతాయి. పోచలు పొడుగ్గా ఉంటే కాళ్లకు చుట్టుకుంటాయి, అది జాగ్రత్త.

అనుభవం ఉన్నవాళ్లు మొదటే రెండిటినీ ఒకచోట వదలరు. మధ్యలో తీగల అడ్డు ఉన్న పొడవాటి పంజరం తెచ్చి ఇటు మగదాన్ని, అటు పెట్టను ఉంచుతారు. పెట్ట వైపు గూడు, పోచలు. వారమో పది రోజులో ఆగుతారు. మగది తీగల సందులోంచి తిండి అందించి, పెట్ట తీసుకుంటే అడ్డు తీస్తారు. తీసుకోకపోతే తీయరు. మన పెళ్లిచూపుల కంటే మేలైన పద్ధతి. ఇక్కడ తొందరపెట్టే మేనత్తలుండరు.

మన ఎండ, దాని పంచాంగం

పోట్లాట ముదరడానికి చాలాసార్లు కారణం పిట్ట కాదు, తేదీ. కెనరీ ఒంటికి వసంతం వచ్చిందని చెప్పేది ప్రధానంగా పగటి పొడవు. దాని పుట్టిళ్లలో ఒకటైన కెనరీ దీవులు భూమధ్యరేఖకు 28 డిగ్రీల ఉత్తరాన ఉన్నాయి. అక్కడ డిసెంబరులో పగలు సుమారు పదిగంటల ఇరవై నిమిషాలు, జూన్‌లో దాదాపు పద్నాలుగు గంటలు. నూజివీడు 17వ డిగ్రీకి కాస్త కిందే ఉంది. ఇక్కడ చలికాలపు పగలు పదకొండు గంటలు దాటుతుంది, నడి వేసవిలో పదమూడు గంటల పైచిలుకు. అక్కడ మూడున్నర గంటల తేడా ఉంటే ఇక్కడ రెండు గంటలే. పిట్టకు అందే కబురు సన్నగిల్లుతుంది. దానికి తోడు మన ఇళ్లలో రాత్రి పదకొండింటిదాకా ట్యూబ్‌లైటు, టీవీ. వరండాలో పంజరం ఉన్న మగదానికి జూన్ వచ్చేసినట్టు లెక్క. చీకటి గదిలో ఉంచిన పెట్టకేమో ఇంకా డిసెంబరే. ఒకటి పాట అందుకుంటే రెండోది నిద్రలో ఉంది. తరుముడు, విసుగు, పొడుపులు... చాలా ‘పొసగని జంటల’ కథ ఇదే. రెండు పంజరాలనూ నెల రోజులు ఒకే వెలుతురులో ఉంచి, సాయంత్రం దీపాలు పెట్టాక ఒకే వేళకు గుడ్డ కప్పితే చాలా తగవులు పంచాయతీ దాకా రావు.

ఎండ సంగతి వేరే చెప్పాలా? బంగినపల్లి కోతకు వచ్చే ఏప్రిల్ చివరికీ, చిన్నరసాలు పండే మే నెలకూ ఇక్కడ పాదరసం 40 దాటుతుంది. అట్లాంటిక్ గాలికి పుట్టిన పిట్టను ఆ వేడిలో గుడ్ల మీద కూర్చోబెట్టడం అన్యాయం. అందుకే మన దగ్గర జతకట్టించడానికి మంచి కాలం మామిడి పూతతో వస్తుంది, కాయతో పోతుంది. పూత, పిందె రోజుల్లో పిల్లలు లేచి, ఎండలు ముదిరేలోగా గూడు ఖాళీ కావాలి. తోట రైతు పంచాంగమూ పిట్ట పంచాంగమూ కలిసే చోటు ఇదొక్కటే. ఆపైన తోటలో రామచిలుకల్ని తోలుకునేవాడికీ, వరండాలో కెనరీకి ఉడికించిన గుడ్డు పెట్టేవాడికీ స్నేహం కుదరదు.

గుడ్డు లోపలే మొదలైన పోటీ

పెట్ట రోజుకొకటి చొప్పున, ఎక్కువగా నాలుగు గుడ్లు పెడుతుంది. లేత నీలం మీద గోధుమ మచ్చలు. పదమూడు, పద్నాలుగు రోజుల పొదుగు. మొదటి గుడ్డు నుంచే కూర్చుంటే మొదటి పిల్ల ముందు లేచి, చివరిది మూడు రోజులు వెనకబడుతుంది. మూడు రోజులంటే ఆ వయసులో కొండంత తేడా. అందుకే పెంపకందార్లు గుడ్డు పెట్టగానే తీసి దాచి, బదులు నకిలీ గుడ్డు ఉంచి, నాలుగూ పూర్తయ్యాక అసలువి ఒకేసారి పెడతారు.

పెట్ట కూడా ఈ అన్యాయాన్ని సరిచేసే ఏర్పాటు ఒకటి చేసుకుంది. 1993లో హ్యూబర్ట్ ష్వాబుల్ కెనరీ గుడ్ల పచ్చసొనలో తల్లి పెట్టిన టెస్టోస్టిరోన్‌ను కొలిచాడు. మొదటి గుడ్డు కంటే రెండోదాంట్లో, రెండో దాని కంటే మూడోదాంట్లో... వరుస పెరిగే కొద్దీ హార్మోన్ పెరుగుతూ పోయింది. ఆఖరివాడికి అమ్మ రహస్యంగా ఓ ముద్ద ఎక్కువ కలిపి పెట్టినట్టు! అలాంటి గుడ్ల నుంచి వచ్చిన పిల్లలు ఎదిగాక తోటి పిల్లల్లో పెత్తనం కూడా ఎక్కువే చేశాయి. పంజరంలో దూకుడుగా కనిపించే పిట్టను చూసి ‘దీని బుద్ధే అంత’ అంటాం. ఆ బుద్ధిలో కొంత పెంకు పగలకముందే పడి ఉండొచ్చు.

గూట్లో నోళ్లు తెరిచిన పిల్లల గోలకూ ఓ లెక్క ఉంది. ఆకలి ముదిరిన పిల్ల నోటి లోపలి ఎరుపు ఎక్కువవుతుందని, తల్లిదండ్రులు ఆ రంగును చూసి ముందు దానికి పెడతాయని రెబెక్కా కిల్నర్ 1997లో నిరూపించింది. అరుపు ఒక్కటే అయితే గొంతున్నవాడే బతికేవాడు.

కోయిల మాత్రం ఈ గొడవంతా కాకి నెత్తిన పెట్టేసింది. మగ కోయిల కాకుల్ని రెచ్చగొట్టి వెంట తరిమించుకుంటూ పోతే, ఆ సందులో ఆడది కాకి గూట్లో గుడ్డు పెట్టి వస్తుంది. మనం ‘కాకులు కోయిలను తరుముతున్నాయి పాపం’ అని జాలిపడే దృశ్యంలో చాలాసార్లు మోసపోతున్నది కాకే. ఐరోపా కోకిల పిల్ల గూట్లోని మిగతా గుడ్లను కిందికి తోసేస్తుంది. మన కోయిల పిల్ల అంత దుర్మార్గం చేయడం అరుదు. కాకి పిల్లలతో కలిసి ఒకే కంచంలో తింటుంది. తోటలో ఎవరు ఎవరిని ఎందుకు తరుముతున్నారో చెప్పాలంటే ఒక్క నిమిషం చూస్తే చాలదు, పూట చూడాలి.

తోటవి తోటలోనే

ఈ రాతంతా చదివి గోరింకనో, మునియానో, రామచిలుకనో పట్టించి పంజరంలో పెట్టి సరసాలు చూద్దామనుకునేవారికి ఒక మాట. మన అడవి పక్షుల్ని పట్టడం, అమ్మడం, పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. జాతరల్లో చిలక జోస్యం చెప్పేవాడి పంజరానికీ మినహాయింపు లేదు. హైదరాబాద్ ముర్గీచౌక్ వంటి పిట్టల బజార్లలోనైనా, పక్క టౌన్ దుకాణంలోనైనా పంజరాల్లోనే తరాలుగా పుట్టి పెరిగిన కెనరీల వంటి విదేశీ జాతులనే అడగాలి. అది కూడా జంట అన్న మాట నమ్మకుండా, విడివిడిగా ఉంచి వారం పాటు విని. పాడింది మగది. పాడనిది పెట్టో, ఇంకా గొంతు విప్పని మగదో. ఆ రెండో అనుమానం తీరేదాకా రెండో పంజరం ఖర్చు తప్పదు.

ఫిబ్రవరి మొదట్లో లేచిన కెనరీ పిల్లకు పద్దెనిమిది రోజులకు రెక్కలొస్తాయి. నెల తిరిగేసరికి తన గింజ తాను ఒలుచుకుంటుంది. నలభై రోజులప్పుడు, తోటలో కోయిల కూసే ఉగాది రోజుల్లో, మగపిల్ల అయితే కర్ర మీద కళ్లు మూసుకుని తనలో తాను గొణుక్కోవడం మొదలెడుతుంది. బంగినపల్లి లారీలకు ఎక్కే నాటికి ఆ గొణుగుడు తడబడే పాటవుతుంది. ఎనిమిది నెలలకు పాట కుదురుకుంటుంది. మళ్లీ మామిడికి పూత వచ్చేసరికి పూర్తి మగపిట్ట. అప్పటికి తండ్రి పంజరం వేరు, దాని పంజరం వేరు అయి ఉండాలి.